ముడి లేని అతుకు

ఆ సినిమా చూడకపోయి ఉంటే, ఆ రోజు ఎటు పరుగెత్తాలో నాకు తెలిసేది కాదు. అందుకే ముందు సినిమా సంగతి చెప్తాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో వచ్చింది. ఏ దేశానిదో తెలియదు, తెలుగు మాటలు అతికించారు. నేను గిన్నెలు కడిగి వచ్చి కూర్చునేసరికి పేరు దాటిపోయింది. సముద్రం ఒడ్డున లైట్‌హౌసులో పనిచేసే ఒక ముసలాయనకు ఏడాదికేడాది వయసు తగ్గుతూ వస్తుంది. నెరిసిన జుట్టు నల్లబడుతుంది, వంగిన నడుము నిలబడుతుంది. పెళ్ళాం మాత్రం అందరిలాగే ముసలిదవుతుంది. చివరికి ఆయన చిన్న పిల్లవాడైపోయి, తన మనవరాలు చదివే బడిలోనే ఆ పిల్ల పక్కన పలక పట్టుకుని కూర్చుంటాడు. మగవాళ్ళకు మళ్ళీ వయసు రావడం ఒకటే తక్కువైందని గొణుక్కుంటూ మా అమ్మ సగంలోనే వంటింట్లోకి పోయింది. మా నాయన మాత్రం రెప్ప వేయకుండా చూశాడు. నాలుగేళ్ళ నా కూతురు ఆయన ఒళ్ళో పడి నిద్రపోయింది.

సినిమా అయిపోయాక ఆయన నా వైపు తిరిగాడు.

"వానికి ఒళ్ళు గూడా ఎనక్కి పోతాండాది. నాకు తల ఒకటే పోతాండాది," అన్నాడు.

నేను నవ్వేశాను. నవ్విన తర్వాత భయం వేసింది. ఎందుకంటే ఆయన జబ్బు సంగతి ఆయనకు తెలియదని మేము అనుకుంటున్నాం.

అనంతపురం డాక్టరు మాకు విడమరిచి చెప్పాడు. ఈ మతిమరుపులో నిన్నటివి ముందు పోతాయట, చిన్ననాటివి ఆఖరున పోతాయట. అలాగే జరిగింది. మొదట మేం ఇంటికి కొత్తగా బండలు పరిపించిన సంగతి మరిచిపోయాడు. తర్వాత నా పెళ్ళి మరిచిపోయాడు. నా మొగుడు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే, ఎవరబ్బా నువ్వు, ఎవరు కావల్ల అని అడిగాడు. ఈ మధ్య కన్నడం మొదలైంది. ఆయన పుట్టి పెరిగింది హిందూపురంలో, అక్కడ తెలుగూ కన్నడమూ కలిసే నోట్లోకి వస్తాయి. ధర్మవరం చేరాక ఆ మాటలన్నీ ఎప్పుడో రాలిపోయాయి. అలాంటిది ఇప్పుడు మనవరాలిని ఇలా రా అనడానికి "బా ఇల్లి" అని పిలుస్తున్నాడు. అదేదో కొత్త ఆట అనుకుని నా కూతురు కూడా ఆయనను అలాగే పిలిచేది.

ఒక్క మగ్గం దగ్గర మాత్రం ఆయనకు ఏ మరుపూ లేదు. మగ్గం కింది గుంతలోకి కాళ్ళు పెట్టి కూర్చుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. అంచు ఎక్కడా చెడేది కాదు. దిగినాకే మనిషి తికమక పడేవాడు. దాన్ని పట్టుకుంది మా అమ్మ. మగ్గం మీద బాగానే ఉన్నాడు కదా, ఊరందరికీ చాటింపు వేయడం ఎందుకు, షావుకారు చెవిన పడితే రేపటి నుంచి పట్టు ఇయ్యడు అని ఆమె వాదన. నాకు ముక్కు మీద కోపం. వీధిలో నలుగురికి చెప్పి పెడితే ఎక్కడైనా కనబడినప్పుడు ఇంటికి తెచ్చి వదులుతారని, కనీసం అంగన్‌వాడీ టీచరుకైనా చెబుదామని ఎన్నిసార్లు పోట్లాడానో. నా తండ్రిని పిచ్చోణ్ణి చేసి మాట్లాడుతున్నానని ఆమె ఏడ్చేది. ఆమె ఏడిస్తే నేను ఓడిపోతాను.

నా పని అచ్చులు అతకడం. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, నేయడం అయిపోవచ్చినప్పుడు మొత్తం లాగేయరు. పాత పోగుల కొసలు కొంచెం అలాగే ఉంచుతారు. కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే తెచ్చి ఆ కొసలకు అతకాలి. ముడి వేయకూడదు, ముడి వేస్తే దువ్వెనలాంటి అచ్చు పళ్ళలో దూరదు. వేళ్ళకు బూడిద అద్దుకుని రెండు కొసలనూ కలిపి పురి పెట్టి, పక్కకు మడిచి మళ్ళీ నలిపితే అతుక్కుంటాయి. అతికిన చోటు కంటికి కూడా కనబడదు. నాకు ఈ పని నేర్పింది మా నాయనే. నేను అతికిన ప్రతి పోగునూ లాగి చూసేవాడు. నచ్చకపోతే కనుబొమల మధ్య ఒక గీత పడేది. నోటితో తిట్టింది తక్కువ, ఆ గీతతోనే నన్ను ఏడిపించాడు.

ఆ రోజు నేను ఇంకో వీధిలో ఒకరింట్లో మగ్గం ముందు కూర్చుని అతుకుతున్నాను. అమ్మ ఫోన్ చేసింది. తాను రేషన్ షాపుకు పోయి వచ్చేసరికి మగ్గం ఖాళీగా ఉందంది. అంగన్‌వాడీ దగ్గర ఉంటాడులే అని నేను తేలిగ్గానే లేచాను. అక్కడ టీచరు నన్ను చూసి ఆశ్చర్యపోయింది. తాత వచ్చి పాపను తీసుకుపోయి చాలాసేపైందని, రోజూ వచ్చే మనిషే కదా అని పంపించానని చెప్పింది. రోజూ ఆయన వెనకాల మా అమ్మ కూడా ఉండేది. ఎందుకు ఉండేదో ఆ టీచరుకు ఎవరు చెప్పారు గనుక. అమ్మ మీద వచ్చిన కోపాన్ని మింగి, ఊరు దాటిపోతారేమో అని బస్టాండుకు ఆటో ఎక్కాను.

నా మొగుడు పెనుకొండ దగ్గర కంపెనీలో పనిచేస్తాడు. లోపలికి పోయేటప్పుడు ఫోన్లు బయటే పెట్టించుకుంటారు. ఎన్నిసార్లు చేసినా మోగి మోగి ఆగిపోయింది. పోలీసులకు చేశాను. పాపను ఎవరు తీసుకుపోయారమ్మా అని అడిగారు. మా నాయన అన్నాను. అయితే కంప్లయింటు ఎవరి మీద రాసుకోవాలమ్మా అన్నారు. మతి సరిగా లేదని చెప్పాక, ఫోటో పంపించమన్నారు. పంపించాను. తొందరలో మొదట సినిమా నటుడి ఫోటో ఏదో పోయింది.

బస్టాండులో అరటిపళ్ళు అమ్మే ఆమె వాళ్ళను చూసింది. ఎర్ర తుండు వేసుకున్న ముసలాయన పాప చెయ్యి పట్టుకుని వచ్చి రెండు పళ్ళు కొన్నాడని చెప్పింది. ఏ బస్సు ఎక్కారో మాత్రం చూడలేదంది. అక్కడ గోరంట్ల బస్సు ఉంది, కదిరి బస్సు ఉంది, అనంతపురం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కండక్టర్లు ఊళ్ళ పేర్లు అరుస్తున్నారు. నేను మధ్యలో నిలబడి ఉన్నాను. ఒకటి తప్పు ఎక్కితే నా బిడ్డ నాకు దొరకదు అని మాత్రమే తెలుస్తోంది.

అప్పుడు ఆయన అన్న మాట గుర్తొచ్చింది. తల ఒకటే వెనక్కి పోతోందన్నాడు. ఆయన బతుకులో ధర్మవరానికి వెనక ఉన్నది పెనుకొండ. నేను పుట్టింది అక్కడే. మాకు సొంత మగ్గం లేని రోజుల్లో, కోట గోడ వెనక వీధిలో ఒకరి మగ్గం మీద ఆయన కూలికి నేసేవాడు. పెనుకొండ బస్సు ఎక్కేశాను. ఎక్కినాక, ఇది ఒట్టి సినిమా పిచ్చేమో అని నన్ను నేనే తిట్టుకున్నాను. దారంతా నిప్పుల మీద కూర్చున్నట్టే ఉంది.

పెనుకొండలో ఆ ఇంటి పెద్దమ్మ వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను గుర్తుపట్టి, మీ నాయన ఇప్పుడే కదా వచ్చిపోయింది అంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, దారి తప్పలేదని. మగ్గం గుంత పూడ్చేసి చాలా ఏళ్ళైంది, ఆ గదిలో ఇప్పుడు జిరాక్సు మిషను ఉంది. ఆయన గది మధ్యలో నిలబడి కాసేపు కిందకు చూశాడట. పెద్దమ్మ ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. మా అమ్మ కోసం చూస్తున్నా అన్నాడట. మీ అమ్మ పోయి ఎన్నేళ్ళైంది అప్పా, తమాషా చేస్తాండావా అని ఆమె నవ్విందట.

"ఈ పాప ఎవరప్పా అంటే, మా చెల్లెలు అన్న్యాడమ్మా," అంది పెద్దమ్మ.

ఆ మాట వినగానే హిందూపురం బస్సు కోసం పరుగెత్తాను.

మా నాయనకు ఒక చెల్లెలు ఉండేది. ఈ సంగతి ఆయన నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు, నా కూతురు పుట్టినప్పుడు, ఆసుపత్రి వరండాలో బిడ్డను చేతుల్లోకి తీసుకుని. హిందూపురం మార్కెట్టులో మా అవ్వ చింతపండు మండీలో గింజలు తీసే పనికి పోయేది. బయట బస్తాల దగ్గర చెల్లెల్ని చూసుకుంటూ కూర్చోవడం మా నాయన పని. ఒకరోజు మైకు కట్టుకుని సినిమా బండి వచ్చింది. రంగురంగుల కాగితాలు విసురుతూ పోయింది. ఏడేళ్ళ పిల్లవాడు కాగితాల కోసం బండి వెంట పరుగెత్తాడు. తిరిగి వచ్చేసరికి బస్తాల దగ్గర చెల్లెలు లేదు. వెతకని చోటు లేదు, మొక్కని దేవుడు లేడు. పిల్ల దొరకలేదు. మా అవ్వ కొడుకును ఒక్క దెబ్బ కొట్టలేదు, ఒక్క మాట అనలేదు. చచ్చిపోయేదాకా ఆ పిల్ల ఊసే ఎత్తలేదు. తిట్టినా బాగుండు, అన్నాడు మా నాయన నాతో.

అంటే ఆయన వెనక్కి పోతున్నది ఊరికే చిన్నతనంలోకి కాదు. ఆ బస్తాల దగ్గరికి పోతున్నాడు. చేతిలో నా కూతురు ఉంది. చెయ్యి వదిలేసి దేని వెంటో పరుగెత్తడం ఆయనకు అక్కడ మిగిలిన పని.

హిందూపురం బస్సు సోమందేపల్లిలో ఆగి, ఎవరో మూటలు ఎక్కిస్తుంటే కదలనే లేదు. నేను డ్రైవరు దగ్గరికి పోయి గొడవ పెట్టుకున్నాను. ఆయన నా ముఖం చూసి బండి తీశాడు. నా పక్కన కూర్చున్నామె ఫోన్లో ఏదో వీడియో చూస్తూ ఉంది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఆ వారమంతా అందరి ఫోన్లలోనూ పుకార్లు వస్తూనే ఉన్నాయి. హిందూపురం మార్కెట్టులో ఒకడు దొరికినాడంట, జనం పట్టుకున్న్యారంట అని ఆమె నాకు చూపించింది. బొమ్మ ఊగిపోతోంది, ముఖాలు కనబడటం లేదు. ఒక్క క్షణం ఎర్ర తుండు కనబడింది.

ఆమె చెయ్యి పట్టుకుని, వీళ్ళు ఎవరో తెలుసా, ఫోన్ చెయ్యి, కొట్టొద్దని చెప్పు అని అడుక్కున్నాను. ఆమెకు వాళ్ళెవరో తెలియదు. ఎవరో పంపింది ఇంకెవరో పంపారు. పోలీసులకు మళ్ళీ చేసి, మార్కెట్టు పేరు చెప్పి, అక్కడ చావబోతున్నది మా నాయన అని అరిచాను. బస్సంతా నా వైపు చూసింది. ఈసారి వాళ్ళు ఇంకేమీ అడగలేదు, హిందూపురం స్టేషనుకు చెప్తామన్నారు.

చింతపండు మండీ ముందు జనం గుంపుగా ఉన్నారు, పోలీసులు ఇంకా రాలేదు. తోసుకుంటూ పోయాను. మా నాయన బస్తాలకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చొక్కా చిరిగింది, పెదవి పగిలి రక్తం వస్తోంది. నా కూతురు ఆయన ఒళ్ళో ముడుచుకుని వెక్కుతోంది. వాళ్ళిద్దరికీ, కొట్టడానికి చేతులెత్తినవాళ్ళకూ మధ్యన గింజలు తీసే ఒక ముసలామె నిలబడి ఉంది. పోలీసులు వచ్చేదాకా ఎవరూ చెయ్యేసేది లేదని ఆమె అప్పటికి ఎంతసేపటి నుంచి చెబుతోందో. ఆమె లేకపోతే నేను ఈ రోజు ఇది రాసేదాన్ని కాదు.

అప్పుడు చూశాను. ఆయన మణికట్టుకూ నా కూతురి మణికట్టుకూ కలిపి దారం కట్టి ఉంది. తెగిన పోగులకు అతకడానికి ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ పట్టు పోగులు ఉంటాయి. వాటిని కలిపి పేని, గాజంత వదులుగా చుట్టాడు. జనం కంటికి అది పాపను కట్టేసిన దారం. ఒకడు బ్లేడుతో నిలబడి ఉన్నాడు, దారం కోయబోతే ముసలోడు కరిచాడని చెయ్యి చూపించాడు.

ఆ పాప నాది, ఆయన మా నాయన, తలకు జబ్బు అని అందరికీ వినబడేలా చెప్పాను. నా కూతురు నన్ను చూసి అమ్మా అని చేతులు చాపింది. జనంలో కొందరు తల దించుకున్నారు. ఇంకొందరు, అయితే తీసుకోమ్మా, ఇస్తాడేమో చూద్దాం అన్నారు. నేను వంగి పాపను ఎత్తుకోబోయాను. మా నాయన నన్ను తోసేశాడు. ఆ చేతుల్లో అంత బలం ఉందని నాకు తెలియదు.

"నేను నాయనా, నీ కూతురిని," అన్నాను.

ఆయన కళ్ళలో నేను లేను. బిడ్డను ఇంకా గట్టిగా హత్తుకున్నాడు. పాప ఏడుపు పెంచింది. గుంపు మళ్ళీ ముందుకు జరిగింది.

"ఎవరికీ ఇయ్యను. మా అమ్మ లోపల గింజలు తీస్తాండాది. ఆమె వచ్చినాకే ఇస్తా," అన్నాడు.

కాసేపు ఎవరినీ దగ్గరికి రానీయొద్దని ఆ ముసలామె చెవిలో చెప్పి, నేను జనం వెనక నుంచి చుట్టూ తిరిగి మండీ లోపలికి పోయాను. లోపల ఆడవాళ్ళు వరసగా కూర్చుని చింతపండు కొడుతున్నారు. దుమ్ము పడకుండా కొంగులు తలకు చుట్టుకున్నారు. నేనూ అలాగే కొంగు చుట్టుకున్నాను. మా అవ్వ ముఖం నాకు సరిగా గుర్తులేదు. ఆమె ఎలా మాట్లాడేదో అసలే తెలియదు. ముఖం తుడుచుకుని, లోపలి గుమ్మం నుంచి బయటకు వచ్చాను.

"పని అయిపోయింది నాయనా," అన్నాను. "పాప యాడికీ పోలేదు కదా?"

ఆయన తలెత్తి నా తలకు చుట్టిన కొంగు వైపు చూశాడు.

"పోల్యా అమ్మా. పట్టుకోనే ఉండా. సినిమా బండి వచ్చింది, నేను పోల్యా."

ఏ సినిమా బండీ రాలేదు. ఈ కాలంలో అవి ఎక్కడున్నాయి. అయినా ఆయనకు వచ్చే ఉంటుంది. ఈసారి పోకుండా కూర్చున్నాడు. అన్ని దెబ్బలు పడుతున్నా చెయ్యి వదల్లేదు.

"బాగా చూసుకున్న్యావు," అని ఆయన పక్కన కూర్చున్నాను. "అప్పుడు గూడా నీ తప్పేమీ లేదు. నువ్వు చిన్నపిల్లోనివి."

ఆ మాట చెప్పాల్సిన మనిషి చెప్పకుండానే పోయింది. నేను ఎవరిని చెప్పడానికి అని ఒక పక్క అనిపించింది కానీ, అది చెప్పకుండా నేను అక్కడి నుంచి లేవలేకపోయేదాన్ని. ఆయన ఏడ్చాడు, పిల్లలు ఏడ్చినట్టు నోరు తెరిచి ఏడ్చాడు. పాపను నా ఒళ్ళోకి జరిపాడు. బ్లేడు అతను ముందుకు వచ్చాడు. నేను వద్దన్నాను.

దారం విప్పుదామని వెతికితే ముడి దొరకలేదు. ఆయన ముడి వేయలేదు, అతికాడు. వేళ్ళతో తడుముకుంటూ పోతే ఒక చోట కొద్దిగా లావు తగిలింది. అక్కడ పట్టుకుని నలపడం మొదలుపెట్టాను. రోజంతా నేను చేసేది అతికే పనే, విప్పే పని ఎప్పుడూ చేయలేదు. అతుకు విడకపోగా ఇంకా బిగుసుకుంటోంది. మా నాయన ఏడుపు ఆపి నా వేళ్ళ వైపు చూస్తున్నాడు. కనుబొమల మధ్య ఆ గీత పడింది.

"ఎవరమ్మా నీకు ఈ పని నేర్పించింది?" అన్నాడు.

"మా నాయన," అన్నాను.

"సరిగ్గా నేర్పీల్యా."

నా చెయ్యి పక్కకు నెట్టి దారం తాను తీసుకున్నాడు.

"పురి పెట్టిన పక్కకే తిప్పితే యాడ ఊడుతాది. ఎనక్కి తిప్పల్ల," అని రెండు వేళ్ళ మధ్య మెల్లగా నలిపాడు. పోగులు ఒక్కొక్కటే విడిపోయాయి. నా కూతురి మణికట్టు మీద ఎర్రటి గీత కూడా పడలేదు. ఆ చేతిని తెచ్చి నా చేతిలో పెట్టాడు. తర్వాత ఎండ వైపు చూసి, నన్ను చూసి, పరాయి పిల్లకు చెప్పినట్టు మెత్తగా చెప్పాడు.

"పొద్దు పోకముందే ఇంటికి పో తల్లీ. మీ నాయన ఎదురు చూస్తాంటాడు."

సరే అన్నాను. పాపను చంకనేసుకుని, రెండో చేత్తో ఆయన చెయ్యి పట్టుకుని, ధర్మవరం రైలు కోసం రైల్వే స్టేషను వైపు నడిచాను.